మేనమామ తల

నల్లగొండలోని ఒక చర్మవ్యాధుల దవాఖానలో ప్రమోద్ ఉదయం నుంచీ బోర్లా పడుకుని ఉన్నాడు. ముఖం పట్టేంత గుండ్రటి సందు ఉన్న బల్ల అది. ఆ సందులోంచి కనిపించేది తెల్లటి నేలపలక ఒక్కటే. అప్పుడప్పుడు డాక్టర్ సుమన చెప్పుల కొసలు. తల వెనుక భాగమంతా ముందే గొరిగేశారు. మత్తు సూదులు దించేటప్పుడు పళ్లు బిగించాడు. ఆ తరువాత నొప్పి పోయి చప్పుడు మిగిలింది. సన్నని గొట్టమొకటి ఒక్కొక్క వెంట్రుక మొదలు చుట్టూ తిరిగి, వేరుతో సహా దాన్ని విడదీస్తున్నది. ఆ గరగర పుర్రె ఎముకలోంచి నేరుగా చెవికి చేరుతున్నది. జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం బోధించే మనిషి కనుక, ధ్వని ఘనపదార్థంలో ఎలా ప్రయాణిస్తుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదని అతనికి తోచింది.

"నిద్ర పట్టిందా ప్రమోద్ గారూ?" అని అడిగింది సుమన.

"లేదు మేడం. వింటున్న."

"ఏమింటున్నరు?"

"నా తలకాయనే. ఇన్నేండ్లల్ల ఎన్నడు గింత మాట్లాడలె."

సహాయకురాలు నవ్వాపుకోలేక చేతిలోని పట్టుకారు పక్కన పెట్టవలసి వచ్చింది.

జుట్టు అతనికి డిగ్రీ చదివే రోజుల్లోనే నుదుటి మీది నుంచి వెనక్కి జరగడం మొదలుపెట్టింది. ముప్పై దాటేసరికి నడినెత్తి దాకా ఏమీ మిగలలేదు. ఇప్పుడీ పని పెండ్లి కోసమేనా అని అడగనివాళ్లు లేరు. "నా కోసం" అని అతను ఇచ్చే జవాబును ఎవరూ నమ్మలేదు. సెలవు చీటీలో కారణం దగ్గర "జుట్టు నాటించుకోవడానికి" అని రాసినప్పుడు ప్రిన్సిపాల్ కళ్లద్దాలు తీసి, సొంత పని అని రాస్తే సరిపోయేది కదా అన్నాడు. సొంతపనే సార్, ఏం పనో కూడ రాసిన, అన్నాడు ప్రమోద్. దాచవలసిన పని అయితే చేయించుకోకూడదు, చేయించుకున్నాక దాచకూడదు. ఈ నిర్ణయానికి రావడానికి అతనికి చాలా కాలం పట్టింది. వచ్చాక మాత్రం అందులో తిరుగులేదు.

మధ్యాహ్నం భోజనమయ్యాక వెల్లకిలా పడుకోబెట్టారు. చల్లటి ద్రావణంలో వరుసలుగా పేర్చి ఉన్న వెంట్రుకల మొదళ్లను సుమన ఒకసారి చూపించింది. ఆవగింజ కంటె చిన్నవి. కింద తెల్లటి వేరు, పైన నల్లటి మొన. వాటిని ఒక్కొక్కటిగా పట్టుకారుతో ఎత్తి, ముందుగా చేసి ఉంచిన గాట్లలోకి వాలుగా దింపుతూ పోయారు. కిటికీలో ఎండ పసుపెక్కి, ఎర్రబడి, పోయింది. పని ముగిసినప్పుడు సుమన అద్దం పట్టుకుంది. నుదుటి పైన, చాలా ఏళ్ల కిందట జుట్టు వదిలేసి పోయిన చోటనే, ఎర్రటి చుక్కలతో ఒక గీత కనిపించింది. ప్రమోద్ ఆ గీతను తేరిపార చూసుకున్నాడు.

"ఇవి ఇప్పుడు నిలబడి ఉన్నయి గాని, పట్టుకోలేదు," అని చెప్పింది సుమన. "పది దినాలు వీటికి ఏదీ తగలొద్దు. గుడ్డ, దిండు, చెయ్యి, ఏదైనా సరే. ఏది రాసుకుపోయినా ఊడొస్తయి. ఊడిన చోట మళ్ల నాటడానికి మీ వెనకాల ఎక్కువ జుట్టు లేదు."

మోత్కూరులోని ఇంటికి చేరాక, తల్లి యాదమ్మ మగ్గం ఉన్న అర్రలోనే గోడకు పరుపులు ఎత్తుగా పేర్చి, అతను కూర్చున్నట్టే నిద్రపోయేలా ఏర్పాటు చేసింది. గంట గంటకూ ఉప్పునీటి సీసాతో తల మీద సన్నగా తుంపర కొట్టేది. మూడో రోజున నుదురు వాచి, వాపు కళ్ల మీదికి దిగింది. ఇట్లా అవుతుందని డాక్టర్ ముందే చెప్పిందని ఎంత చెప్పినా యాదమ్మ ఏడుపు ఆపలేదు. తండ్రి సీతారాములు మాత్రం గుంటలో కాళ్లు పెట్టుకుని మగ్గం నేస్తూనే ఉన్నాడు. ఆ పని గురించి కొడుకుతో ఆయన మాట్లాడింది ఒక్కసారే, అదీ దవాఖానకు పోకముందు.

"మా నాయినకు లేదు, నాకు లేదు. నీకేడికెల్లొస్తదిరా?"

"వెనకకెల్లి ముందటికొస్తది బాపు."

సీతారాములుకు యౌవనంలోనే బట్టతల వచ్చింది. తల మీది పాత తువ్వాలు నిద్రలో తప్ప ఆయన తీయగా చూసినవాళ్లు లేరు. కొడుకు బట్టతలను చూసి ఆయన ఎన్నడూ బాధపడలేదు. ఈ ఎర్రటి చుక్కల తలను చూసి మాత్రం సిగ్గుపడుతున్నట్టు ప్రమోద్‌కు అనిపించింది. అనుమానం ఆ సాయంత్రమే తీరింది. పక్కింటి బిక్షమ్మ వాకిట్లో నిలబడి, పిలగాడు బయటికి రాడేందని అడుగుతున్నది.

"జరమొచ్చింది," అన్నాడు సీతారాములు.

ప్రమోద్ పరుపుల మీద నుంచి లేచి, సగం మూసుకుపోయిన కళ్లతో గడప దాకా వచ్చాడు.

"జరం గాదు పెద్దమ్మా. జుట్టు పెట్టించుకున్న."

బిక్షమ్మ దగ్గరికి వచ్చి, మునివేళ్ల మీద లేచి మరీ చూసింది. "ఓరి నీ పాడుగాను, నాటేసిన మడి లెక్కనే ఉన్నదిగదరా. నీళ్లు గూడ పెడ్తాన్రా?"

"గంటకోపారి పెడ్తాంది అమ్మ."

"మరి కోతకెప్పుడొస్తది?"

"ఏడాదైతది. కోసుడైతే లేదు."

బిక్షమ్మ నవ్వుకుంటూ వెళ్లిపోయింది. సీతారాములు లోపలికి వెళ్లి మగ్గం గుంటలో కూర్చున్నాడు. ఊరంతా తెలిసిపోతుందనేది ఆయన బాధ అని అర్థమవుతూనే ఉంది.

మరునాడు దేవరకొండ నుంచి చెల్లెలు హారిక ఫోన్ చేసింది. ఆమె కొడుకుకు పుట్టువెంట్రుకలు తీయించడం వచ్చే నెలకు అనుకున్నారు. అయ్యగారు పంచాంగం తిరగేసి, మూఢం వస్తున్నదనీ, అది దాటేసరికి పిల్లవాడికి ఏడాది నిండిపోతుందనీ చెప్పాడట. ఏడాది నిండితే మూడో ఏడు దాకా ఆగాలి. అందుకని ఈ ఆదివారమే చెర్వుగట్టు కొండ మీది శివుడి గుడి దగ్గర చేసేద్దామని ఆమె అత్త శ్యామలమ్మ నిర్ణయించింది. పిల్లవాణ్ని ఒడిలో కూర్చోబెట్టుకుని మొదటి కత్తెర వేయవలసినవాడు మేనమామ. హారికకు ఉన్నది ఒక్కడే అన్న.

ప్రమోద్ సుమనకు ఫోన్ చేశాడు. తలకు ఏదీ తగలకుండా, గొడుగు కింద, కారులో వెళ్లి రావచ్చని ఆమె ఒప్పుకుంది. అతను వెడల్పాటి గొడుగు తెప్పించాడు. కొండ మీద నీడ ఎక్కడుంటుందో, ఎండ ఎక్కకముందే ఎలా ముగించాలో హారికతో మాట్లాడుకున్నాడు. అన్నీ ఆలోచించాననుకున్నాడు. వాపు కూడా దిగింది.

శుక్రవారం మధ్యాహ్నం సీతారాములు మగ్గం మీది నుంచి బట్ట కోశాడు. ఎరుపు, నలుపు, తెలుపు చుక్కల తేలియా రుమాలు అది. నూనెలోనూ ఆముదపు కాయల బూడిద నీళ్లలోనూ దినాల తరబడి నానబెట్టిన నూలు కనుక, విప్పగానే అర్ర అంతా నూనె వాసన వేసింది. కొన్ని వారాలుగా ప్రమోద్ దాన్ని మగ్గం మీద చూస్తూనే ఉన్నాడు. సేటు చెప్పిన మాలు అనుకున్నాడు.

"మంచిగొచ్చింది బాపు. గిదెవలికి?"

"ఎవలికేంది? నీకే. చెర్వుగట్టు మీద నీ తలకు గట్టుడే."

ప్రమోద్‌కు అప్పుడు గుర్తొచ్చింది. మేనమామ కత్తెర పట్టేముందు బావ అతని తలకు పాగా చుట్టాలి. పిల్లవాడి తరఫువాళ్లు మేనమామ ఇంటికి చేసే మర్యాద అది. ఎన్ని పుట్టువెంట్రుకలు చూడలేదు తను! గొడుగు గురించి, చెమట గురించి, ఎండ గురించి ఆలోచించినవాడు దీన్ని మరచిపోయాడు. సాలె ఇంట్లో పుట్టి, కళ్ల ముందు నేస్తున్న తలపాగాను గుర్తుపట్టలేకపోయాడు.

"బట్ట మాది, కట్టుడు మీదని శ్యామలమ్మ చెల్లెతోని నేనే మాట తీసుకున్న," అంటున్నాడు సీతారాములు. "వాళ్ల బట్టల దుక్నంల మిల్లు రుమాళ్లున్నయి. నా కొడుకు తలకు మిల్లు బట్ట చుట్టిచ్చుకుంటనా? దేవరకొండోళ్లంత చూడాలె."

"బాపూ, కట్టొద్దు. తలకేం తగలొద్దన్నరు. గిది గట్టిగ చుడితె అన్నీ ఊడొస్తయి."

సీతారాములు చేతిలోని రుమాలును మడత పెట్టాడు. మళ్లీ విప్పి, ఇంకొక విధంగా మడత పెట్టాడు. "వదులుగ చుట్టమంటె?" అని అడిగాడు.

"వదులుగ చుట్టినా రాసుకుంటది."

హారికకు విషయం చెప్తే ఆమె ఒక ఉపాయం చెప్పింది. "బండి మీదికెల్లి పడి తలకు దెబ్బ తాకిందంటనే అన్నా. మా అత్త ఇంకేమనది."

"నేను పడలేదు హారికా. కూసొని చేయించుకున్న. నీ కొడుకును ఒళ్లె కూసోవెట్టుకొని అబద్ధమాడమంటవా?"

"మరి పాగ లేకుంట కత్తెరియ్యరు. మా అత్త సంగతి నీకెరికే గద."

"ఎరికనే. అత్తమ్మతోని నేను మాట్లాడ్త."

ఫోన్ పెట్టేసేసరికి సీతారాములు వెనకనే నిలబడి ఉన్నాడు. వెలుతురులోకి రమ్మని కొడుకును కిటికీ దగ్గర కూర్చోబెట్టాడు. రంగు అంటకుండా నూలుకు చిటికి ముళ్లు కట్టేటప్పుడు పెట్టుకునే కళ్లద్దాలు తెచ్చి పెట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, అతని తల మీదికి వంగాడు. దవాఖానకు పోయివచ్చాక ఆయన దాన్ని దగ్గరగా చూడడం అదే మొదలు. ఆ చుక్కల మీద ఇప్పుడు సన్నని గోధుమరంగు పక్కులు కట్టి ఉన్నాయి.

"ఒక్కొక్కటే పెట్టిన్రా?"

"ఒక్కొక్కటే."

"ఎంతసేపైంది?"

"పొద్దుందాక."

"లేవకుంటనే కూసున్నరా వాళ్లు?"

"నడుమల చాయి తాగిన్రు. నేను గూడ."

సీతారాములు ఇంకా వంగి చూస్తున్నాడు. కొత్త పడుగు ఎక్కించేటప్పుడు పాత పోగు కొసకు కొత్త పోగు కొసను మెలిపెట్టి ఒక్కొక్కటే అతుకుకుంటూ పోవడం ఆయన ఇంటి పని. అతుకులన్నీ, పోగులు దూరే అచ్చు దాటి ఇవతలికి వచ్చేదాకా మగ్గాన్ని విసురుగా కదపనివ్వడు. ఎక్కడ సూది పెట్టారు, ఎక్కడ నొచ్చింది, వేరు ఎంత లోతుకు దిగింది, అన్నీ అడిగాడు. ప్రమోద్ అన్నిటికీ ఓపికగా జవాబు చెప్పాడు. చివరికి ఆయన కళ్లద్దాలు తీసి అంగీ కొసకు తుడుచుకుంటూ, "పనైతె మంచిగ చేసిన్రు. వరస యాడ తప్పలె," అన్నాడు. అయినా రుమాలు పట్టుకుని గుంట అంచున చాలాసేపు కూర్చుండిపోయాడు. కొడుకు చేయించుకున్న పని మంచిదని ఒప్పుకున్నంత మాత్రాన, తాను నేసిన పాగా కొడుకు తలకు ఎక్కుతుందా?

ఆదివారం ఉదయం చెర్వుగట్టు మీద మంచు ఇంకా పూర్తిగా విడవలేదు. మండపం నీడలో చాప పరిచి ఉంది. మంగలి పోచయ్య కత్తులు నీళ్లలో వేసి, పిల్లవాడికి మచ్చికవుదామని నాలుక చాపి నవ్విస్తున్నాడు. దేవరకొండ నుంచి శ్యామలమ్మ తరఫు చుట్టాలు నిండుగా వచ్చారు. ప్రమోద్ గొడుగు ముడిచి, నీడలోకి వచ్చి చాప మీద కూర్చున్నాడు. వెనుక పూర్తిగా గొరిగి, ముందు పక్కులు కట్టి, మధ్యలో నున్నగా ఉన్న ఆ తల మీదికి అందరి చూపులూ ఒకేసారి తిరిగాయి. అతను తల వంచలేదు.

"గదేందిరా కొడుకా," అంది శ్యామలమ్మ, "పిలగానికంటె ముందుగాల్నే నీవు తీయించుకున్నవా?"

చుట్టాలు నవ్వారు. ప్రమోద్ కూడా నవ్వాడు.

"తీయించుకోలె అత్తమ్మా, పెట్టించుకున్న. నల్లగొండల డాక్టర్ దగ్గర జుట్టు నాటించుకున్న. పోయిన శనివారం చేసిన్రు. ఇంకా పచ్చిగున్నయి."

"అయ్యో, గింత చక్కటి తలకాయె. ఎందుకు నాయినా?"

"నాకు కావాలనిపిచ్చింది."

శ్యామలమ్మ అతని తలను ఇంకొకసారి చూసింది. కొడుకు అమరేందర్ వైపు తిరిగి, "పాగ చుట్టురా, ఎండొస్తాంది," అంది. అమరేందర్ రుమాలు విప్పాడు. నూనె వాసన మండపమంతా పరుచుకుంది. ముసలివాళ్లలో ఒకాయన దాని కొస పట్టుకుని, చుక్కను చుక్కతో కలిపి చూసి, ఎవరి మగ్గమని అడిగాడు. హారిక అన్నవైపు చూస్తూ చీర కొంగును వేలికి చుట్టుకుంటున్నది.

"బావా, ఆగు," అన్నాడు ప్రమోద్. "పాగ నా తలకు కట్టొద్దు. తగిలితె నాటినయన్ని ఊడిపోతయని డాక్టర్ చెప్పింది."

"పాగ లేనోడు కత్తెర పట్టుడు మా తాన లేదు," అంది శ్యామలమ్మ. నవ్వు ఆమె గొంతులో ఇక లేదు. "ఏమంటవు సీతారాములన్నా? బట్ట నాదే ఉండాలె అంటివి. నీ కొడుకేమొ వద్దంటుండు. నలుగుట్ల మమ్ముల ఏం చెయ్యమంటవు?"

సీతారాములు జవాబు చెప్పేలోగా ప్రమోద్ చాప మీది నుంచి లేచి నిలబడ్డాడు.

"అత్తమ్మా, పాగ ఎవలికి కడ్తరు? నాకా, మా ఇంటికా?"

"ఇంటికే. మేనమామ తలంటె ఇల్లే గద."

"మరి మా ఇంటికి పెద్ద తల మా బాపుది. కత్తెర నేను పడ్త, పిలగాడు నా ఒళ్లనె ఉంటడు. పాగ మా బాపుకు కట్టున్రి. చిన్నప్పటిసంది గీ రుమాళ్లు నేస్తుండు. ఎవలెవలో కట్టుకున్నరు. ఆయన తలకు ఒక్కటి ఎక్కంగ నేను చూడలె."

శ్యామలమ్మ ముసలివాళ్లవైపు చూసింది. రుమాలు కొస పట్టుకున్న పెద్దాయన, "తప్పేమున్నదమ్మ, తండ్రె గద," అన్నాడు. అమరేందర్ రుమాలు పట్టుకుని సీతారాములు ఎదుటికి వచ్చి నిలబడ్డాడు. పాగా చుట్టాలంటే తల మీది తువ్వాలు తీయాలి. సీతారాములు చేయి తువ్వాలు దాకా వెళ్లి ఆగింది. వియ్యాలవారి ముందు, ఆడవాళ్ల ముందు, ఆ తల ఎన్నడూ బయటపడలేదు. ఆయన కొడుకువైపు చూశాడు. ప్రమోద్ పక్కులు కట్టిన తలతో అందరి మధ్యా నిటారుగా నిలబడి ఉన్నాడు.

సీతారాములు తువ్వాలు తీసి భుజం మీద వేసుకున్నాడు. నున్నటి నెత్తి, తువ్వాలు గీతకు పైన తెల్లగా, కింద నల్లగా ఉంది.

"ఇగ చూసుకోండ్రి," అన్నాడాయన. "నాది గిట్లున్నది. వానిది గట్ల చేసుకున్నడు. రెండూ మా ఇంటి తలకాయలే."

శ్యామలమ్మ ముఖంలో ఏదో మెత్తబడింది. "అన్నా, జర కిందికి వంగు. మావోడు పొట్టిగున్నడు," అంది. అమరేందర్ మడత మీద మడత వేస్తూ పాగా చుట్టాడు. ఎరుపు పైకీ, నలుపు అంచుకూ వచ్చేలా సీతారాములే చేత్తో సర్దుకున్నాడు. కట్టడం పూర్తయ్యాక శ్యామలమ్మ కుంకుమ బొట్టు పెట్టింది.

ప్రమోద్ మళ్లీ కూర్చుని పిల్లవాణ్ని ఒడిలోకి తీసుకున్నాడు. వాడు వెంటనే వెనక్కి తిరిగి, మేనమామ నుదుటి మీది వింత చుక్కల కోసం రెండు చేతులూ చాపాడు. శ్యామలమ్మ ఒక చెయ్యి పట్టుకుంది, సీతారాములు ఇంకొకటి.

"వద్దు నాయినా, వద్దు," అంది శ్యామలమ్మ. "మీ మామయి ఇంకా పచ్చిగున్నయట. ముట్టుకోవద్దు."

ప్రమోద్ కత్తెర వేశాడు. హారిక ఆడబిడ్డ కొంగు పట్టింది. పిల్లవాడి మొదటి కురులు అందులో పడ్డాయి. ఆపైన పోచయ్య కత్తి అందుకున్నాడు, పిల్లవాడు ఏడుపు అందుకున్నాడు.

పిల్లవాడి తల మీద గంధం పూసే వేళకు ఎండ మండపం మెట్ల దాకా వచ్చింది. ప్రమోద్ గొడుగు విప్పబోతుంటే సీతారాములు దాన్ని అతని చేతిలోంచి తీసుకుని తానే పట్టాడు. మెట్ల దగ్గర, వేరే కుటుంబంతో వచ్చిన ఒక యువకుడు టోపీ సర్దుకుంటూ ఇద్దరి పక్కనా నడుస్తున్నాడు. ప్రమోద్ తల వంక చూస్తూ అతన్ని అడిగాడు.

"అన్నా, బాగ నొప్పైతదా?"

"సూదులిచ్చేటప్పుడు జరంత," అని జవాబు చెప్పినవాడు సీతారాములు. "తర్వాత గరగర ఇనిపిస్తది, గంతే. మూడొద్దులకు మొకం వాస్తది, భయపడొద్దు. ఒక్కొక్కటే పెడ్తరు, పొద్దుందాక. ఇటు రా, దగ్గరికొచ్చి చూడు. ముట్టకు. వరస చూసినవా?"

యువకుడు గొడుగు కిందికి వచ్చి చూశాడు. తండ్రి చెప్తున్నంతసేపూ ప్రమోద్ తల కొంచెం ముందుకు వంచి, చూడనిచ్చాడు.